బావిలోకి ముందు దిగినవాడు

(భాగం 14)



పోయిన వారం ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్న ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, ఈ సెమిస్టర్‌లో నాకు సెమినార్ టాపిక్ ఇచ్చారు. సైనికులకీ, ఫస్ట్ రెస్పాండర్లకీ ట్రామా థెరపీ. మనవాళ్లకి దీంతో ఏమన్నా సంబంధం ఉందా? లేకపోతే అందరిలాగే నాలుగు స్లైడ్లు చేసి ఇచ్చేస్తా."

జవాబు టైప్ చేయడం మొదలుపెట్టి ఆపేశాను. రెండు ముక్కల్లో తేలేది కాదు. ఈ వారం రాస్తానన్న మార్చురీ కార్మికుల భాగాన్ని వెనక్కి జరిపి ముందు ఇది రాస్తున్నాను. రెండూ ఒకే కథ అని చివరికి మీకే తెలుస్తుంది.

ఫస్ట్ రెస్పాండర్ అంటే ప్రమాదం జరిగిన చోటికి అందరికంటే ముందు చేరి చేయి వేసేవాడు. పోలీసులు, ఫైర్ సిబ్బంది, 108 అంబులెన్స్ వాళ్లు, ఎన్డీఆర్ఎఫ్ జవాన్లు. పుస్తకంలో జాబితా దాదాపు ఇక్కడితో ఆగిపోతుంది. నేను ఆ మాటకి తెలుగు వెతుక్కుంటే నాకు మా ఊరి దిగుడుబావి గుర్తొచ్చింది. ముందు దిగినవాడు. మా ఊళ్లో ముందు దిగినవాడు మా నాయన.

మాది ప్రకాశం జిల్లా. ఊరికి మైలు దూరంలో రైలు పట్టాలు. నాయన వెట్టి చేసేవాడు. కాగితాల మీద ఆ పేరు గ్రామ సేవకుడు అయ్యింది, తర్వాత వీఆర్ఏ అయ్యింది. ఊరికి మాత్రం ఎప్పుడూ వెట్టోడే. చాటింపు వేయడం, శిస్తు వసూలుకి తిరగడం, వచ్చిన అధికారికి కుర్చీ మోయడం కాగితం మీద ఉన్న పనులు. కాగితం మీద లేని పని ఒకటుంది. బావిలో శవం తేలితే దిగడం. పట్టాల మీద ఎవరన్నా పడితే గోనె సంచి తీసుకుని పోవడం. స్టేషన్ నుంచి ఎస్సై వచ్చేదాకా, ఒక్కోసారి తెల్లారేదాకా, శవం దగ్గర కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవడం.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి నాయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్లాను. పట్టాల పక్కన తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి. కానిస్టేబుల్ చాలా దూరంగా మోటార్‌సైకిల్ మీద, ముక్కుకి రుమాలు కట్టుకుని ఉన్నాడు. నాయన నన్ను చూసి లేచి నిలబడి, "అక్కడే పెట్టి పో, ఎనక్కి చూడమాక" అని అరిచాడు. నేను వెనక్కి చూశాను. చూసింది ఇక్కడ రాయను. క్యారేజీ సాయంత్రం ఇంటికి అట్లాగే తిరిగొచ్చింది.

దిగే ముందు నాయన చేతికి ఒక క్వార్టర్ సీసా ఇచ్చేవాళ్లు. ఒక్కోసారి ఊరి పెద్దమనిషి, ఒక్కోసారి పోలీసోళ్లు. "ముందు ఇది ఏసుకోరా, వాసన తెలవదు" అనేవాళ్లు. అది కూలీలో భాగం. మా నాయన తాగుడు ఎట్లా మొదలైందో మా అమ్మకి తేదీతో సహా తెలుసు. చివరికి లివర్ పాడై పోయాడు. ఆస్పత్రి కేసు షీటులో క్రానిక్ ఆల్కహాలిక్ అని రాశారు. సీసా మొదట ఎవరు అందించారో రాయడానికి ఆ షీటులో గడి లేదు.

తర్వాత రోజుల్లో కేసుల పని మీద కోర్టుల చుట్టూ తిరిగేటప్పుడు శవ పంచనామాలు చాలా చదివాను. పాత సీఆర్‌పీసీలో 174వ సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 194. వాటిల్లో దాదాపు ఒకే వాక్యం ఉంటుంది: మృతదేహమును బావి నుండి బయటకు తీయించి చూడగా. ఆ క్రియని ఒకసారి చూడండి. తీయించి. తీయించినవాడు అధికారి. చూసినవాళ్లు పంచులు, కింద వాళ్ల సంతకాలుంటాయి. మరి తీసినవాడు? రాజ్యం రాసుకున్న తెలుగు వాక్యంలో కర్తగా కూడా వాడికి చోటు దొరకలేదు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న. ఒక కేంద్ర బలగంలో జవాను. బస్తర్‌లో చేసొచ్చాడు. మందుపాతర పేలిన తర్వాత తోటివాళ్లని ఏరి వాహనంలోకి ఎక్కించిన బృందంలో ఉన్నాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి సెలవు మీద వచ్చాడు. పల్లెలో పిల్లలు లక్ష్మీబాంబు పేలిస్తే మనిషి మంచం కింద ఉన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, నిజం చెబుతున్నా.

ఆ రాత్రి వాకిట్లో రెండు మంచాలు. ఒకదాని మీద అన్న, ఒకదాని మీద నాయన. నేను నిద్రపోయానని అనుకున్నారు.

"పెదనాన్నా, నీకూ వస్తదా?"

"ఏంది?"

"వాసన."

నాయన చాలాసేపు మాట్లాడలేదు. "వానొచ్చినప్పుడు వస్తది. బావిలో నీళ్లు కదిలిన సప్పుడికి గూడా" అన్నాడు. అంతే. ఇద్దరూ ఇంక ఏమీ అనుకోలేదు. మా నాయన జీవితంలో జరిగిన కౌన్సెలింగ్ అదొక్కటే. చేసినవాడు తనకే మందు లేని జవాను.

తర్వాత ఆ జవానుకి మందు దొరికింది. సులువుగా కాదు. ఫోర్సుల్లో షేప్ అని ఒక మెడికల్ కేటగిరీ ఉంటుంది. అందులో మొదటి అక్షరం మనసుకి సంబంధించింది. అది తగ్గితే ప్రమోషన్ ఆగిపోతుంది. చేతికి ఆయుధం ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తారు. అందుకే రెండేళ్లు దాచాడు. చివరికి తోటి జవాను ఒకతను చెయ్యి పట్టుకుని యూనిట్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. మాత్రలు, కొన్ని నెలల సెషన్లు, ఆఫీసు డ్యూటీ. ప్రమోషన్ వెనకబడింది. కానీ మనిషి బతికాడు, జీతం ఆగలేదు. అతని కాగితాల మీద ఒక జబ్బు పేరు ఉంది. మా నాయన కాగితాల మీద ఒక తిట్టు ఉంది.

జవాన్లకి అన్నీ అందుతున్నాయని నేను అనడం లేదు. కేంద్ర హోంశాఖ 2024 చివర్లో పార్లమెంటుకి చెప్పిన లెక్క ప్రకారమే కేంద్ర బలగాల్లో ఐదేళ్లలో 700 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారు. అగ్నివీర్ల సంగతి ఇంకో రకం. నాలుగేళ్లు చేసి బయటికొచ్చే 75 శాతం మందికి పెన్షన్ లేదు, మాజీ సైనికుల హోదా లేదు, వాళ్లకుండే ఆరోగ్య పథకం లేదు. ఈ జబ్బు ఒక్కోసారి సంఘటన జరిగిన నెలలకి, ఏళ్లకి బయటపడుతుంది. ఇరవై ఐదేళ్ల వయసులో ఊరికొచ్చిన కుర్రాడికి ఇరవై ఏడో ఏట నిద్ర పోతే ఎవరిని అడగాలి? మన పిల్లలు అందులో చాలామంది ఉన్నారు. ఇంకోటి, కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ పోస్టుల్లోనే సఫాయి కర్మచారి అని ఒక ట్రేడ్ ఉంది. యూనిఫాం వేసినా చీపురు వదల్లేదు.

చెల్లీ, నీ సెమినార్‌కి పనికొచ్చే చరిత్ర కొంచెం చెబుతాను. ఈ చికిత్స మొదటినుంచీ హోదాని చూసే నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టర్ షెల్ షాక్ అన్న మాటని వైద్య పత్రికలోకి తెచ్చాడు. ఒకే లక్షణాలకి ఆఫీసర్ అయితే నరాల బలహీనత అన్నారు, సిపాయి అయితే హిస్టీరియా అన్నారు. ఆఫీసర్లని ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రికి పంపితే అక్కడ డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్ కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. (ఈ రివర్స్ అంతకుముందు మన నీలగిరికి వచ్చి తోడాల మీద పుస్తకం రాసినవాడే. ఆదివాసుల్ని చదవడానికి వచ్చినవాడు తర్వాత దొరల పీడకలలు విన్నాడు.) మామూలు సిపాయిల్లో కొందరికి కరెంటు షాకులు పెట్టారు. పారిపోయారనీ పిరికివాళ్లనీ బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన సొంత సైనికులు 306 మంది. వాళ్లకి క్షమాభిక్ష 2006లో దొరికింది. దొరికేనాటికి వాళ్లు పోయి తొంభై ఏళ్లు.

పీటీఎస్‌డీ అన్న పేరు ఇంకా తర్వాతది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. ఊరికే ఎక్కలేదు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు యుద్ధ వ్యతిరేక సంఘం పెట్టుకుని, 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో గుంపులుగా కూర్చుని తాము చూసిందీ చేసిందీ బయటపెట్టుకున్నారు. రాబర్ట్ లిఫ్టన్, చైమ్ షాటన్ లాంటి డాక్టర్లు ఆ గుంపుల్లోకి వెళ్లి కూర్చున్నారు. సర్కారు వీళ్లని తాగుబోతులన్నది, పిచ్చోళ్లన్నది. పదేళ్లు కొట్లాడాక ఆ పేరు వచ్చింది. ఉద్యమం లేని చోట గాయాన్ని ఎవరూ చదవరని జుడిత్ హెర్మన్ 1992లో ఒక పుస్తకమే రాసింది. మన కామ్రేడ్లు కొందరు ఈ ట్రామా గోలంతా అమెరికా సరుకు, పోరాటమే మందు అంటుంటారు. నేనూ పదిహేనేళ్లు అదే అన్నాను. ఆ సరుకుని తయారుచేసింది ఒక పోరాటమేనని నాకు తెలియక అన్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అదే అమెరికన్ పుస్తకం ఐదో కూర్పు 2013లో వచ్చింది. పీటీఎస్‌డీ ఎవరికి రావచ్చో చెప్పే మొదటి షరతులో నాలుగో అంశం ఉంది: భయంకరమైన వివరాలకి మళ్లీ మళ్లీ, లేదా తీవ్రంగా గురికావడం. దానికి వాళ్లిచ్చిన మొదటి ఉదాహరణ ఏమిటో తెలుసా? మనుషుల అవశేషాల్ని సేకరించే ఫస్ట్ రెస్పాండర్లు.

ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయాను. మనుషుల అవశేషాల్ని సేకరించడం. గోనె సంచి. తుమ్మచెట్టు. వాళ్లు దేన్ని రోగానికి కారణమని రాశారో మా ఊళ్లో దాన్ని కులవృత్తి అన్నారు. వెట్టివాళ్లు, కాటికాపరులు, మార్చురీలో శవం కోసే హెల్పర్లు, రైల్వే ట్రాకుల దగ్గర పిలిపించుకునే మనుషులు, వైజాగ్ నుంచి రాజమండ్రి దాకా మున్సిపాలిటీల్లో పనిచేసే రెల్లి కార్మికులు, మ్యాన్‌హోల్లో పడ్డవాణ్ణి లాగడానికి దిగే రెండోవాడు. పుస్తకం నిర్వచనం ప్రకారం వీళ్లంతా లెక్కలోకి వస్తారు. మన దేశంలో మాత్రం ఒక్క మాటతో వీళ్లని లెక్కలోంచి తీసేశారు. ఆ మాట మీరంతా వినే ఉంటారు. "వాళ్లకి అలవాటే."

నేను ఈ భాగం రాస్తున్నదే ఆ మాట మీద. డాక్టర్లు అంటారు, ఇంజనీర్లు అంటారు, ఎస్సైలు అంటారు, దయగల మేడమ్‌లు కూడా అంటారు. వాళ్లకి అలవాటే. వైద్యం చెప్పేది దీనికి నేరుగా ఎదురు. ఎన్నిసార్లు చూస్తే అంత ప్రమాదం పెరుగుతుంది తప్ప తరగదు. పైకి చెయ్యి వణక్కపోవడం, ముఖంలో ఏమీ కనపడకపోవడం అలవాటు కాదు, జబ్బు లక్షణాల్లోనే ఒకటి కావచ్చు. మొద్దుబారడం అంటారు దాన్ని. సైనికుడిలో కనపడితే లక్షణం అని రాసుకునేదే మా నాయనలో కనపడితే స్వభావం అనుకున్నారు. కులం అంటే ఇంకేమిటి? ఇది మనిషి స్వభావం అని పైవాడు నమ్మి, కిందవాణ్ణి కూడా నమ్మించడమే కదా.

2023 జూన్ 2న ఒడిశా బాలాసోర్ జిల్లా బహానగా దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం గుర్తుందిగా. 290 మందికి పైగా చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత అప్పటి ఎన్డీఆర్ఎఫ్ డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ ఒక సభలో చెప్పారు: సహాయక చర్యల్లో ఉన్న ఒక జవానుకి నీళ్లు చూస్తే రక్తంలా కనిపిస్తోందట, ఇంకొకరికి ఆకలే పోయిందట. తిరిగొచ్చినవాళ్లకి కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తున్నామనీ చెప్పారు. ఆయన ఆ మాట బయటికి చెప్పడం నాకు నచ్చింది. పై అధికారి నోటితో చెబితే కిందవాడికి దాచుకునే పని కొంచెం తగ్గుతుంది. శవాల్ని ఉంచిన బహానగా హైస్కూలుకి పిల్లలు రామని భయపడితే ఆ పాత భవనాన్నే వారం తిరక్కుండా కూల్చేశారు. పిల్లల భయాన్ని ప్రభుత్వం గౌరవించింది, మంచిదే. మరి ఆ గదుల్లో శవాల్ని మోసి దింపినవాళ్లు, మళ్లీ ఎత్తినవాళ్లు, నేల కడిగినవాళ్లు ఉంటారు కదా. నేను చదివిన వార్తల్లో వాళ్లకి నిద్ర పడుతోందా అని అడిగినవాళ్లు లేరు.

అంతకుముందు 2004 సునామీ. నాగపట్నంలో శవాల్ని తీయడానికి చుట్టుపక్కల మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికుల్ని రప్పించారు. వాళ్లలో అత్యధికులు దళితులు. 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు చిక్కుకుపోతే, విదేశీ యంత్రం విరిగిపోయాక చివరి పది పన్నెండు మీటర్లు చేత్తో తవ్వింది ర్యాట్ హోల్ మైనర్లు. దళితులు, ముస్లింలు. దేశమంతా చప్పట్లు కొట్టింది, మనిషికి 50 వేలు ఇచ్చారు. మూడు నెలలకి వాళ్లలో ఒకరి ఇంటిని ఢిల్లీలో ఆక్రమణ పేరుతో కూల్చేశారు. వీరుడు అన్న బిరుదు యూనిఫాం లేనివాడి దగ్గర ఎన్నాళ్లు నిలుస్తుందో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

చికిత్స ఎట్లా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి కౌన్సెలింగ్ అంటే సలహాలు ఇవ్వడం అనే తెలుసు. ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో, మనిషి తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని భద్రమైన గదిలో, నమ్మిన మనిషి ముందు, ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. చెప్పింది రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటారు. ఒక్కో సెషన్ గంటా గంటన్నర, మొత్తం ఎనిమిది నుంచి పదిహేను దాకా. మెల్లగా ఆ జ్ఞాపకం కరిచే జంతువు నుంచి జరిగిపోయిన సంగతిగా మారుతుంది. ప్యాట్రీషియా రెసిక్ పద్ధతిలో 'నా వల్లే పోయాడు', 'నేను ఇంకొంచెం ముందు లాగుంటే' లాంటి ఇరుక్కుపోయిన ఆలోచనల్ని పట్టుకుని ఒక్కొక్కటే విప్పుతారు. కళ్లు అటూ ఇటూ తిప్పిస్తూ చేసే ఈఎండీఆర్ ఒకటుంది, ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టింది. ఇవి పనిచేస్తాయి. అందరికీ కాదు, చాలామందికి. పనిచేయనిది ఏమిటో కూడా తేలింది: ప్రమాదం జరిగిన వెంటనే అందర్నీ ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించి పంపేయడం. అట్లాంటి ఒక్కరోజు డీబ్రీఫింగ్ జబ్బుని ఆపదని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. కాబట్టి మన బస్తీలో బ్యానర్ కట్టి ఒక్క పూట మానసిక ఆరోగ్య శిబిరం అంటే ఫొటోకి నిలబడకండి. మళ్లీ ఎప్పుడొస్తారు అని అడగండి.

ఇక్కడ చుండూరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1991 ఆగస్టు 6. 8 మందిని చంపి, కొందరిని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కాలవ గట్టు మీద నిలబడ్డ మనుషుల్ని మనం సాక్షులన్నాం, బాధితులన్నాం. వాళ్ల ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం, అది గొప్ప విజయం. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ మధ్య ఏళ్లన్నీ వాళ్లు ఏం చేశారు? చెప్పారు. పోలీసులకి చెప్పారు, నిజనిర్ధారణ కమిటీలకి చెప్పారు, విలేకరులకి చెప్పారు, నాలాంటి కార్యకర్తలకి చెప్పారు, కోర్టులో నువ్వు అబద్ధం చెబుతున్నావనే లాయరు ముందు చెప్పారు. ఫోవా పద్ధతిలోనూ మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. కానీ అక్కడ గది భద్రం, వినేవాడు నీవాడు, ఎప్పుడు ఆపాలో నీ చేతిలో ఉంటుంది. మన సాక్షులకి ఆ మూడూ లేవు. గాయాన్ని మాన్పే పద్ధతిని తలకిందులు చేసి గాయాన్ని లోతు చేశాం. న్యాయం కోసం చేశాం, నిజమే. కానీ వాంగ్మూలం తీసుకుని బస్సెక్కే ముందు, రాత్రి నిద్ర పడుతోందా అమ్మా అని నేను ఎంతమందిని అడిగాను? వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు మిగులుతాయి.

పోస్ట్ ట్రామాటిక్ అన్న మాటలోనే మనకి చిక్కు ఉంది. పోస్ట్ అంటే తర్వాత. యుద్ధం అయిపోయింది, ఇల్లు చేరాడు, ఇక మొదలుపెడదాం అని ఆ చికిత్సలు ఊహించుకుంటాయి. హెర్మన్ కూడా మొదటి మెట్టు భద్రత అంటుంది. మా నాయనకి తర్వాత ఎప్పుడు? ఈ శవానికీ వచ్చే శవానికీ మధ్య ఉన్న వారం రోజులా? మ్యాన్‌హోల్లో తమ్ముణ్ణి పోగొట్టుకుని తెల్లారి ఇంకో మ్యాన్‌హోల్లోకి దిగేవాడికి పదిహేను సెషన్లు చెప్పి ఏం లాభం? అందుకే మన డిమాండ్ల వరస మారకూడదు. ముందు ఆ పని నుంచి మనిషి బయటికి రావాలి, యంత్రం రావాలి, వేరే ఉపాధి రావాలి. చికిత్స దాంతోపాటే రావాలి. దానికి బదులుగా కాదు. దిగు, తర్వాత కౌన్సెలింగ్ ఇప్పిస్తాం అనే రోజు వస్తే అది కొత్త క్వార్టర్ సీసా.

ఇంకో సంగతి. వియత్నాం సైనికులకి వైద్యం చేసిన జొనాథన్ షే అనే డాక్టర్ నైతిక గాయం అని ఒక మాట వాడాడు. ప్రాణం మీదికొచ్చిన చోట, అధికారం ఉన్నవాడే న్యాయాన్ని వమ్ము చేస్తే మనిషి లోపల తగిలే దెబ్బ అది. మా నాయన బావిలోంచి పైకి వచ్చాక ఏం జరిగేదో చెప్పనా? తాకకుండా డబ్బులు నేల మీద పడేసేవాళ్లు. నీళ్లు ఎత్తి పోసేవాళ్లు. పోయినామె ఇంటివాళ్లు కూడా, ఆమెని చివరిసారి ఎత్తుకున్న చేతుల్ని చూసి పక్కకి జరిగేవాళ్లు. నాయన పీడకలల్లో శవాలే ఉండేవని నేను చాలాకాలం అనుకున్నాను. అమ్మని అడిగితే కాదంది. నిద్రలో "ఏరుకుంటా అయ్యా, ఏరుకుంటా" అనేవాడట. నేల మీది డబ్బులు. శవం వాసనకి మాత్రమే వైద్యం చేసే డాక్టర్ మనకి సగం డాక్టరే.

చట్టాల సంగతికి వస్తే, మన చేతిలో అసలేమీ లేకపోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం ప్రతి మనిషికీ హక్కు అంటుంది, కులాన్ని బట్టి వివక్ష ఉండకూడదని పేరు పెట్టి మరీ చెబుతుంది. 2022 అక్టోబర్‌లో టెలీ మానస్ వచ్చింది. 14416కి ఎవరైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 2023 డిసెంబర్‌లో సైన్యం కోసం పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక టెలీ మానస్ సెల్ పెట్టారు. సైనికుల బాధ వేరు, దాన్ని తెలిసినవాళ్లే వినాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. సరైన ఆలోచన. అదే ఆలోచనతో పారిశుధ్య, మార్చురీ, శ్మశాన కార్మికులకి ఒక సెల్ ఎందుకుండకూడదు?

సుప్రీంకోర్టు 2014లో మురుగు కాలవ మరణాలకి 10 లక్షలు ఇవ్వాలన్నది, 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలు చేసింది. అదే తీర్పులో అంగవైకల్యానికి కనీసం 10 లక్షలు, శాశ్వతమై బతుకుతెరువు పోతే కనీసం 20 లక్షలు అని ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా వైకల్యమే. ఈ రెంటినీ కలిపి చదివితే, తోటివాణ్ణి లాగడానికి దిగి బతికి బయటపడి ఇక ఏ పనీ చేయలేని మనిషికి దావా వేయొచ్చన్నది నా వాదన. లాయర్ మిత్రులు ఇందులో లొసుగులు చూసి చెప్పండి, మంచి కేసు దొరికితే కూర్చుందాం.

ఇది కుదరదనేవాళ్లకి న్యూయార్క్ చూపించండి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత శిథిలాల్లో ఫైర్‌మెన్, పోలీసులే కాదు, వేలమంది శుభ్రం చేసే కూలీలు కూడా పనిచేశారు. చాలామంది వలసవచ్చినవాళ్లు. పదేళ్ల కొట్లాట తర్వాత 2011 జనవరిలో సంతకమైన జడ్రోగా చట్టం రెస్పాండర్ అన్న మాటలోకి ఆ శుభ్రం చేసినవాళ్లని కూడా చేర్చింది, పీటీఎస్‌డీ చికిత్సని కూడా చేర్చింది. పెద్ద ఖర్చేమీ లేకుండా మన జిల్లా విపత్తు ప్రణాళికల్లో ముందు ఆ ఒక్క మాట మార్పించవచ్చు.

చెల్లీ, నీ సెమినార్ సంగతి. స్లైడ్లలో వియత్నాం పెట్టు, బాలాసోర్ పెట్టు. తర్వాత మీ కాలేజీకి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి మార్చురీకి ఒక సాయంత్రం వెళ్లు. పీసీఎల్-5 అని 20 ప్రశ్నల పట్టిక ఉంటుంది, మీ ప్రొఫెసర్ దగ్గర దొరుకుతుంది. దాన్ని గ్రాంథికంలోకి కాదు, వాళ్లు మాట్లాడే తెలుగులోకి మార్చుకుని తీసుకెళ్లు. వెళ్లగానే పట్టిక తీయొద్దు. ముందు వాళ్లతో కూర్చుని టీ తాగు. వాళ్ల గ్లాసులో. ప్రశ్నలకి జవాబులు బాధ కలిగించేవి వస్తే ఏం చేయాలో, ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో ముందే ఏర్పాటు చేసుకుని వెళ్లు. తాగి ఉంటే వెనక్కి రావద్దు, ఇంకోరోజు వెళ్లు.

ఇది రాసే ముందు అమ్మకి ఫోన్ చేశాను. నాయనకున్నది తాగుడు రోగం కాదు, దానికి ముందు వేరే జబ్బు ఉండుండొచ్చు, దానికి పేరుంది, మందుంది అని చెప్పాను. అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత "మరి నేను ఆ మడిసిని అన్నేళ్లు తిట్టానే" అంది. నేనేదో సర్దబోయాను. వినలేదు. "ఆ పేరేందో మళ్లా చెప్పు" అంది. చెప్పాను. "అట్టా కాదురా, నాకు తెలిసేటట్టు చెప్పు" అంది.

ఇంకా వెతుకుతున్నాను. మీకెవరికైనా మంచి మాట తోస్తే రాయండి. మార్చురీ భాగం వచ్చే ఆదివారం.

జై భీమ్.